సాంచా లెక్క, గేమ్‌బాయ్ పాట

సిరిసిల్ల నుంచి మానేరు వంతెన దాటితే తంగళ్ళపల్లి. ఆ పక్కనే బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు. ఈ చుట్టుపక్కల కరెంటు పోయిన సంగతి బల్బు కంటే ముందు చెవి చెబుతుంది. నాడె ఆడే పాతకాలం సాంచా, అంటే మరమగ్గం, నిమిషానికి 120 నుంచి 150 పిక్కులు (అడ్డపోగు విసుర్లు) వేస్తుంది. ఒక్కో పిక్కులో రెండు చప్పుళ్ళుంటాయి. నాడెను అవతలి ఒడ్డుకు కొట్టిన దెబ్బ ఒకటి, పోగును పన్నె వచ్చి గుద్దిన దెబ్బ ఇంకొకటి. డీజే పాటల వేగం కూడా నిమిషానికి ఇంచుమించు ఇన్ని దెబ్బలే. యాదృచ్ఛికమే అయినా, ఈ ఊళ్ళో పెరిగిన చెవికి ఆ వేగం ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఒక సాంచాను వదిలి రెండింటిని కలిపి వినండి. ఒకటి నిమిషానికి 120, పక్కది 121 పిక్కులు వేస్తున్నాయనుకుందాం. మొదటి దెబ్బ రెండూ కలిసే వేశాయి. అక్కణ్ణుంచి రెండోది పిసరంత ముందుకు జరుగుతూ పోతుంది. అరనిమిషం అయ్యేసరికి దాని దెబ్బ మొదటిదాని రెండు దెబ్బలకూ సరిగ్గా నడుమ పడుతుంది. వేగం రెట్టింపైనట్టు చెవి మోసపోతుంది. ఇంకో అరనిమిషానికి రెండూ మళ్ళీ కలుస్తాయి. ఒక నిమిషంలో చెవి ఎన్నో నడకలు వింది. నిజానికి ఏ సాంచా కూడా తన నడక మార్చలేదు. మూడో సాంచా, నాలుగో సాంచా చేరితే మళ్ళీ అన్నీ ఎప్పుడు కలుస్తాయో లెక్కకు అందుతుంది గానీ చెవికి అందదు. షెడ్డులో అందరూ రొద అనే దాని లోపల ఉన్నది ఇదే.

ఈ లెక్కతోనే అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ 1965లో ఒకే మాటల ముక్కను రెండు టేపు రికార్డర్లలో తిప్పి, ఒకదాన్ని మెల్లగా జారనిచ్చి ఒక రచన చేశాడు. 1967లో అదే పనిని ఇద్దరు పియానో వాద్యకారుల చేత చేయించాడు. సంగీత చరిత్ర పుస్తకాలు దీన్ని పెద్ద మలుపు అంటాయి. స్వరకర్త ప్రతి స్వరాన్నీ రాసిపెట్టలేదు. ఒక నియమం పెట్టి, అది నడుస్తూ ఉంటే ఏం వినబడుతుందో చూశాడు.

ఈ ఆలోచన అరచేతిలో పట్టే ఆటబొమ్మలోకి ఎలా వచ్చింది, వచ్చి ఏం చేసింది అన్నది ఈ అధ్యాయం.

2005 ఏప్రిల్‌లో జపాన్‌లో నింటెండో డీఎస్ అనే చేతి ఆటయంత్రం కోసం ఎలక్ట్రోప్లాంక్టన్ అనే క్యాట్రిడ్జ్ వచ్చింది. చేసినవాడు తోషియో ఇవాయ్. చూసేదాన్నీ వినేదాన్నీ ఒకటి చేయాలని జీవితమంతా ప్రయోగాలు చేసిన కళాకారుడు. 1987లోనే నింటెండో యంత్రం కోసం ఓటోకీ అనే షూటింగ్ ఆట చేశాడు. అందులో ఏ దిక్కుకు పేలిస్తే ఆ దిక్కుకు తగ్గ స్వరం పలుకుతుంది, వెనక మోగుతున్న తాళంలో సరిగ్గా అతుకుతుంది. ఎలక్ట్రోప్లాంక్టన్‌లో ఆట కూడా పోయింది. గెలుపు, ఓటమి, పాయింట్లు ఏమీ లేవు. నీటిలో తేలే పది రకాల బుల్లి జీవులు ఉంటాయి. పుల్లతో తెరను తాకితే, మైకులో ఊదితే, చప్పట్లు కొడితే అవి పలుకుతాయి.

ఆ పదింటిలో లూమినేరియా అనే దాన్ని చూస్తే సాంచాల షెడ్డే గుర్తుకొస్తుంది. తెర నిండా బాణం గుర్తులు. నాలుగు జీవులు. ఒక్కోదానిది ఒక్కో వేగం. బాణం ఎటు చూపితే అటు కదులుతాయి, ప్రతి గడి మీదా ఒక స్వరం పలుకుతాయి. మీరు చేయగలిగింది బాణాలను తిప్పడమే. దారి మూసుకుని చుట్టూ తిరిగే వలయం చేశారంటే ఆ స్వరాలే తిరిగి తిరిగి వస్తాయి. నాలుగింటినీ నాలుగు సైజుల వలయాల్లో పెడితే రైక్ టేపు రికార్డర్ల మాదిరే జారుతూ, కలుస్తూ, విడిపోతూ ఉంటాయి. హానెన్‌బో అనే ఇంకోదాంట్లో నీళ్ళలోంచి ఎగిరిన జీవులు మొక్క ఆకులకు తగిలి ఎగురుతాయి. ఆకును ఎంత వంచితే స్వరం అంత మారుతుంది. ఆకును వంచితే స్వరమూ మారుతుంది, తగిలిన జీవి ఎగిరే దిక్కూ మారుతుంది, అంటే తరవాత ఏ ఆకుకు తగులుతుందో కూడా మారుతుంది. స్వరాన్ని సవరించబోతే లయ చెడుతుంది. లయను సరిచేయబోతే స్వరం కదులుతుంది. 

అమెరికాలో 2006 జనవరిలో విడుదలైనప్పుడు సమీక్షకులు ఒక సంగతి మీద గట్టిగా విరుచుకుపడ్డారు. చేసిన సంగీతాన్ని దాచుకునే వీలు లేదు. మీట నొక్కి ఆపితే అంతే సంగతులు. డబ్బులు పెట్టి కొన్నవాడికి కోపం రావడం న్యాయమే. నాకు మాత్రం ఇది అంత పెద్ద లోపంగా అనిపించదు. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ పాడిన పాటను నిన్న మొన్నటిదాకా ఎవరూ దాచుకోలేదు. ఎలక్ట్రోప్లాంక్టన్ అసలు లోపం వేరే ఉంది. అది తప్పు చేయనివ్వదు. ఏ జీవి ఏ స్వరాలు పలకాలో ముందే కుదిర్చి పెట్టారు. అవి ఎటు కలిసినా ఇంపుగానే ఉంటాయి. పది నిమిషాలు ఆడినవాడికి తాను సంగీతకారుణ్ణి అనిపిస్తుంది. పది రోజులు ఆడినవాడికి అపస్వరం పలికించాలనిపిస్తుంది, అది వీలుపడదు. చెవి తెరిపించడానికి దీన్ని మించింది లేదు. చేయి తిరగడానికి మాత్రం చాలదు.

చేయి తిరగాలంటే ఇంకా పాత యంత్రం దగ్గరికి పోవాలి.

ముందు ఒక చిన్న దారి మళ్ళింపు. సాంచా మీద చీర అంచుకు డిజైన్ రావాలంటే డాబీ బిగిస్తారు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చాక సిరిసిల్ల ప్రాంతంలో ఈ బిగింపులు బాగా కనిపించాయి. పాత రకం డాబీలో చెక్క పట్టీల గొలుసు ఉంటుంది. పట్టీకి వరసగా బెజ్జాలు. బెజ్జంలో మేకు దిగేసి ఉంటే ఆ పిక్కుకు ఆ పోగుల చట్రం పైకి లేస్తుంది. మేకు లేకపోతే లేవదు. గొలుసు ఒక చుట్టు తిరిగేసరికి డిజైన్ ఒకసారి పూర్తవుతుంది, మళ్ళీ మొదలవుతుంది. డిజైన్ మార్చాలంటే మేకులు పీకి వేరే బెజ్జాల్లో కొట్టాలి. ఇప్పుడు డాబీ అన్న మాట తీసేసి మళ్ళీ చదవండి. వరసగా గడులు, గడిలో గుర్తు ఉంటే మోత, లేకపోతే విరామం, చివరికి వచ్చాక మళ్ళీ మొదటికి. సంగీత సాఫ్ట్‌వేర్‌లో స్టెప్ సీక్వెన్సర్ అనేది అక్షరాలా ఇదే.

ఇది కేవలం పోలిక కాదు, వంశవృక్షం. మేకుల సిలిండరు తిరుగుతూ గొట్టాలను పలికించే సంగీత యంత్రాలు ఐరోపాలో ఇలా బెజ్జాలతో నడిచే మగ్గాల కంటే ముందే ఉన్నాయి. 1725లో లియోన్ నగరంలో బాసిల్ బూషాన్ బెజ్జాల కాగితంతో పట్టు మగ్గాన్ని నడిపించాడు. అతని తండ్రి ఆర్గాన్ వాద్యాలు తయారుచేసేవాడనీ, ఆ సిలిండరు నుంచే కొడుక్కి ఈ ఊహ తట్టిందనీ చెబుతారు. 1738లో పారిస్‌లో వేణువు ఊదే బొమ్మను చూపించి జనాన్ని నివ్వెరపరచిన వోకాన్‌సన్ 1745లో తనంత తాను నేసే మగ్గం చేశాడు. వేణువు బొమ్మలోనూ మేకుల సిలిండరే, మగ్గంలోనూ బెజ్జాల సిలిండరే. ఆ మగ్గాన్ని బాగుచేస్తూ, ముందటివాళ్ళ బెజ్జాల కార్డులను కలుపుకుని జకార్డ్ 1804 నాటికి తన యంత్రాన్ని తెచ్చాడు. సంగీతం నుంచి నేతకు వెళ్ళిన ఈ లెక్క కంప్యూటర్ల మీదుగా మళ్ళీ సంగీతానికి వచ్చింది.

నేను చెప్పిన ఆ పాత యంత్రం నింటెండో వాళ్ళ గేమ్‌బాయ్. అది 1989 ఏప్రిల్‌లో జపాన్‌లో విడుదలైంది. దాని వెనక ఉన్న గున్‌పే యోకోయ్ సిద్ధాంతం ఏమిటంటే, కొత్త టెక్నాలజీ వెంట పరుగెత్తకుండా, పాతబడి చవకైనదాన్ని తీసుకుని కొత్త పనికి వాడాలి. అందుకే రంగులు లేవు, వేగం లేదు. నాలుగు చిన్న బ్యాటరీలతో గంటల తరబడి నడిచేది. శబ్దానికి నాలుగు గొంతులు ఇచ్చారు. ఆ నాలుగింటినీ కాస్త దగ్గర్నుంచి చూస్తే శబ్దశాస్త్రం సగం తెలిసిపోతుంది.

మొదటి రెండు గొంతులూ చతురస్ర తరంగాలు. స్పీకరుకు వెళ్ళే కరెంటు ఉంటుంది లేదా ఉండదు. మధ్యలో ఏమీ లేదు. ఒక ఆవృత్తిలో ఎంతసేపు ఉండాలో ఎంచుకోవచ్చు. ఎనిమిదో వంతు, నాలుగో వంతు, సగం, ముప్పాతిక. సగం పెడితే సరిసంఖ్య అనుస్వరాలు పోయి బోలుగా పలుకుతుంది. ఎనిమిదో వంతు పెడితే ముక్కుతో పాడినట్టు సన్నగా పలుకుతుంది. ముప్పాతిక పెడితే అచ్చం నాలుగో వంతులాగే వినిపిస్తుంది. తరంగం తలకిందులైంది, అంతే. తలకిందులైన తరంగాన్ని చెవి గుర్తుపట్టదు. ఈ సంగతి పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం. ఇక్కడ ఒక బటన్ దూరం.

మూడో గొంతుకు తరంగం ఆకారాన్ని మనమే గీసుకోవచ్చు. అడ్డంగా 32 గడులు, నిలువుగా 16 మెట్లు. కొండలాగా నున్నగా గీస్తే మెత్తని స్వరం, రంపం పళ్ళలాగా గీస్తే గరుకు స్వరం. నాలుగోది రొద. యంత్రం లోపల ఒక చిన్న లెక్క 15 బిట్ల అంకెను కలియదిప్పుతూ ఉంటుంది. అది 32,767 అడుగుల తరవాత గానీ మొదటికి రాదు, కాబట్టి చెవికి వానలాగా వినిపిస్తుంది. అదే లెక్కను 7 బిట్లకు కుదిస్తే 127 అడుగులకే తిరిగి వస్తుంది. అప్పుడు వాన పోయి రేకు డబ్బా మోత వస్తుంది. తిరిగి వచ్చేది త్వరగా వస్తే దాన్ని చెవి స్వరం అంటుంది, ఆలస్యంగా వస్తే రొద అంటుంది. రొదకూ స్వరానికీ మధ్య గోడ లేదని ఇంత తేటగా చూపించే పరికరం నాకింకోటి తెలీదు.

ఈ గొంతులను ఆటల కోసం చేశారు, పాటల కోసం కాదు. అయినా 1998లో నింటెండో తానే గేమ్‌బాయ్ కెమెరా క్యాట్రిడ్జ్‌లో ఒక చిన్న డీజే ఆటను పెట్టింది. అదే ఏడాది జర్మనీలో ఒలివర్ విట్‌ఖో అనే కళావిద్యార్థి నానోలూప్ తెచ్చాడు. పదహారు అడుగులను నాలుగు వరసల నాలుగు గడుల చదరంలో పేర్చి, అంకెలూ అక్షరాలూ దాదాపు లేకుండా, కంటితో చూసి స్వరాలు పేర్చేది. 2000లో స్వీడన్‌కు చెందిన యోహాన్ కోట్లిన్‌స్కీ లిటిల్ సౌండ్ డీజే చేశాడు. దీన్ని వాడేవాళ్ళు ఎల్‌ఎస్‌డీజే అంటారు. ఇది నానోలూప్‌కు పూర్తిగా ఎదురు. తెర నిండా అంకెలే. 1987లో అమీగా కంప్యూటర్ కోసం కార్స్టెన్ ఒబార్‌స్కీ రాసిన సౌండ్‌ట్రాకర్ నాటి నుంచి వస్తున్న పద్ధతి ఇది. స్వరాలు పై నుంచి కిందికి వరసగా రాసి ఉంటాయి, యంత్రం చదువుకుంటూ దిగుతుంది. నానోలూప్, ఎల్‌ఎస్‌డీజే చేసిన ఇద్దరి వెనకా కంపెనీ లేదు.

ఎల్‌ఎస్‌డీజేలో పాట మూడు అంతస్తులుగా ఉంటుంది. పదహారు అడుగుల ముక్కను ఫ్రేజ్ అంటారు. ఫ్రేజ్‌ల వరస చెయిన్. అన్నిటికీ పైన పాట, అందులో నాలుగు గొంతులకూ ఎవరి చెయిన్‌లు వాళ్ళకు. ఒక పాట మొత్తం 32 కిలోబైట్లలో ఇమిడిపోతుంది. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ ఇంతకంటే బరువు.

పడమటి పాటలకు పదహారు అడుగులు సరిపోతాయి. మన మిశ్రచాపు ఏడు అక్షరాలది. తకిట తకధిమి. దీన్ని పదహారు గడుల్లో ఎలా కుదించాలి? అక్షరానికి రెండు అడుగులు ఇస్తే పద్నాలుగు కావాలి, రెండు మిగిలిపోతాయి. దానికి ఎల్‌ఎస్‌డీజేలో హెచ్ అనే ఆజ్ఞ ఉంది. ఏ గడిలో పెడితే అక్కణ్ణుంచి తరవాతి ఫ్రేజ్‌కు దూకుతుంది. గడుల లెక్క సున్నా నుంచి మొదలై తొమ్మిది తరవాత ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అని సాగుతుంది. కాబట్టి ‘ఈ’ అనే గడిలో హెచ్ పెట్టాలి. సున్నా నుంచి ‘డీ’ దాకా పద్నాలుగు అడుగులు మోగుతాయి, ‘ఈ’ దగ్గరికి రాగానే మళ్ళీ మొదలు. రొద గొంతుతో సున్నా గడిలో ఒక దెబ్బ, 6 అనే గడిలో ఒకటి, ‘ఏ’ అనే గడిలో ఒకటి. తకిట మీద మొదటిది, తకధిమిలో త మీద రెండోది, ధి మీద మూడోది. మిశ్రచాపు వచ్చేసింది. ఖండచాపు కావాలంటే హెచ్‌ను ‘ఏ’ గడికి జరపండి. తిస్రానికి ‘సీ’ గడి.

ఇక్కడే అసలు సరదా. హెచ్ ఒక్క గొంతులోనే పెట్టి మిగతా గొంతులను పదహారులోనే నడవనివ్వండి. ఒకటి పద్నాలుగు, ఇంకోటి పదహారు. 112 అడుగులకు గానీ రెండూ మొదటి దెబ్బ మీద కలవవు. అప్పటికి మొదటిది ఎనిమిది చుట్లు, రెండోది ఏడు చుట్లు తిరిగి ఉంటాయి. తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు వేళ్ళతో వేసే లెక్క ఇలాంటిదే. ఆయనకు దాని వెనక ఏళ్ళ సాధన ఉంది. మనకున్నది ఒక హెచ్. విద్వాంసుడు వింటే నవ్వుతాడు, నవ్వనివ్వండి. చాపు తాళం ఎందుకు కుంటుతున్నట్టు నడుస్తుందో ఆ గడి జరుపుతూ తెలుసుకున్న పిల్లవాడు రేపు కచేరీలో కాస్త వేరుగా వింటాడు.

గమకం సంగతికి వస్తే యంత్రం తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది. గేమ్‌బాయ్ చతురస్ర గొంతుల స్థాయిని ఒక భాగహారం నిర్ణయిస్తుంది. 1,31,072ను ఒక పూర్ణాంకంతో భాగించగా వచ్చిందే సెకనుకు కంపనాల సంఖ్య. పూర్ణాంకం 298 అయితే 440కి ఆనుకుని పలుకుతుంది. అది 297 కావచ్చు, 299 కావచ్చు, మధ్యలో ఏదీ కావడానికి లేదు. కింది స్థాయిలో, 131 కంపనాల దగ్గర, ఆ అంకె వెయ్యి ఉంటుంది. అక్కడ ఒక అరస్వరం దూరంలో దాదాపు 56 మెట్లు దొరుకుతాయి. జారు వేస్తే నూనెలా జారుతుంది. 440 దగ్గర అదే దూరంలో 17 మెట్ల లోపే. 2,700 దగ్గరికి పోతే మూడు మెట్లు కూడా లేవు. జారు కాస్తా మెట్ల మీద నుంచి దొర్లిన చెంబు అవుతుంది. తోడి గాంధారాన్ని కింది స్థాయిలో ఎల్ ఆజ్ఞతో జార్చి, వీ ఆజ్ఞతో ఊపితే తోడి అని గుర్తుపట్టేలా పలికించవచ్చు. పై స్థాయిలో అది కుదరదు. కుదరకపోవడానికి కారణం ఇంత తేలిగ్గా చూపించే వాద్యం ఎన్ని ఉన్నాయి? ఖరీదైన కీబోర్డులో ఆ మెట్లు లేవని కాదు, మన చెవికి అందనంత చిన్నవి. అందుకే అక్కడ ఎవరూ అడగరు.

మన పల్లెల్లో గేమ్‌బాయ్ చేతికి వచ్చినవాళ్ళు అరుదు. తిరునాళ్ళలో కొన్న బ్రిక్ గేమ్ ఉండేది, దానికి కూత తప్ప పాట లేదు. కానీ 2000లో వచ్చిన నోకియా 3310లో కంపోజర్ అనే ఒక మూల ఉంది. నా లెక్క ప్రకారం మన దగ్గర ఎక్కువమంది చేతికి వచ్చిన మొదటి సంగీత సాఫ్ట్‌వేర్ అదే. సినిమా పాటల మీటల వరసను నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుని, ఒకరిది ఇంకొకరు ఎక్కించుకునేవాళ్ళు. 1 నుంచి 7 దాకా మీటలు ఏడు స్వరాలు. 8, 9 మీటలు స్వరం నిడివి తగ్గించడానికీ పెంచడానికీ. సున్నా విరామం. నక్షత్రం స్థాయి మార్చడానికి, హ్యాష్ అరస్వరం పెంచడానికి.

మీటలు వరసగా నొక్కితే వచ్చేది ధీరశంకరాభరణం. 4 తరవాత హ్యాష్ నొక్కితే మధ్యమం పెరిగి మేచకల్యాణి. సరళీ వరసలు నేర్చే మాయామాళవగౌళ కావాలంటే 1, 1 హ్యాష్, 3, 4, 5, 5 హ్యాష్, 7. హ్యాష్ జోలికే పోకుండా షడ్జమాన్ని 2 మీదికి జరిపి పై 2 దాకా నొక్కితే ఖరహరప్రియ, 3 మీదికి జరిపితే తోడి స్వరాలు, 5 మీద హరికాంభోజి, 6 మీద నఠభైరవి. సంగీత శాస్త్రంలో గ్రహభేదం అనే ఈ పాఠం ఏడు మీటల మీద పావుగంట పని. ఆ ఫోనుకు గొంతు ఒక్కటే, అదీ కీచుగొంతు. ఆ ఫోన్లు తుక్కు కిందికి పోయాయి. తరవాతి ఫోన్లలో అసలు పాటే రింగ్‌టోన్‌గా రావడంతో కంపోజర్ పోయింది. పాట బాగైంది, చేసేవాడు వినేవాడిగా మిగిలాడు.

సినిమా సంగీతంలో ఈ కథ ఎదురు దారిలో నడిచింది. 1986లో ఇళయరాజా ఒక తమిళ సినిమాకు కంప్యూటర్ సీక్వెన్సర్ వాడారు. తెలుగులో అది డాన్స్ మాస్టర్‌గా వచ్చింది. ఆ కాలంలోనే రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రవాడు ఎ.ఆర్. రెహమాన్. సీక్వెన్సర్ స్టూడియోలో ఉన్నంతకాలం అది నిపుణుల సొత్తు. చేతి ఆటబొమ్మలోకి వచ్చాకనే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాడే వస్తువు అయింది. 2008లో డీఎస్ కోసం కోర్గ్ డీఎస్‌-10 వచ్చింది. 1978 నాటి ఎంఎస్‌-10 అనే సింథసైజర్‌ను అనుకరించి, రెండు సింథసైజర్లూ నాలుగు డ్రమ్ములూ పదహారు అడుగుల సీక్వెన్సరూ జేబులో పెట్టింది. ఇవాయ్ 2007లో యమహాతో కలిసి పదహారు వరసల పదహారు దీపాల పలకను టెనోరి-ఆన్ పేరుతో వాద్యంగానే అమ్మకానికి తెచ్చాడు. అది ఖరీదైనది, మ్యూజియం వస్తువులా అందంగా ఉంటుంది. నాకు డీఎస్ క్యాట్రిడ్జే నచ్చుతుంది. గీతలు పడ్డా బాధ లేదు.

ఇంతకీ వీటి వల్ల ఒరిగిందేమిటి? న్యూయార్క్‌లో 2006 నుంచి బ్లిప్ ఫెస్టివల్ పేరుతో కచేరీలు జరిగాయి, గేమ్‌బాయ్‌లు చేతపట్టి వాయించే బృందాలు దేశదేశాల్లో ఉన్నాయి. అదంతా వాళ్ళ ముచ్చట. చిన్నప్పుడు ఆడిన ఆటల మోత మీద మమకారం అందులో సగం. ఆ మమకారం మనకు లేదు, ఉన్నట్టు నటించనక్కర్లేదు. మనకు పనికొచ్చేది ఇంకోటి. ఫోనులో ఇప్పుడు దొరికే సంగీత యాప్‌లలో సిద్ధంగా ఉన్న లూపులు నాలుగు అతికిస్తే రెండు నిమిషాల్లో పాట తయారు. వినడానికి బాగుంటుంది కూడా. ఆ లూపు లోపల ఏముందని అడగడానికి తలుపు లేదు. గేమ్‌బాయ్‌లో తలుపు మాత్రమే ఉంది. ప్రతి దెబ్బా ఎవరో ఒక గడిలో పెడితేనే మోగుతుంది, పెట్టకపోతే మోగదు. కొత్త డిజైన్‌కు మేకులు కొట్టే డాబీ మేస్త్రికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. అంచు ఎక్కడ తప్పిందో చూసి, ఏ పట్టీలో ఏ మేకు ఊడిందో చెప్పగల మనిషి, సంగీత సాఫ్ట్‌వేర్‌లో పాట రాసేవాడు చేసే పనే చేస్తున్నాడు. బళ్ళో మాత్రం ఆ మేస్త్రి కొడుక్కి సంగీతం ఒక పాఠం, భౌతికశాస్త్రం ఇంకో పాఠం, నేత ఏ పాఠమూ కాదు.

పాత యంత్రం దొరకలేదని ఆగనక్కర్లేదు. గేమ్‌బాయ్‌ను అనుకరించే ఎమ్యులేటర్లు మామూలు ఫోనులోనే నడుస్తాయి. ఎల్‌ఎస్‌డీజేకు డబ్బు కట్టాలి, చేయి అలవాటు చేసుకోవడానికి ఉచిత నమూనా ఉంది. నానోలూప్ ఫోన్ల కోసం కూడా వచ్చింది. బటన్లు ఉన్న యంత్రం మీద వచ్చే చేతివాటం గాజుతెర మీద రాదు, అది నిజం. మొదటి నెలకు గాజుతెర చాలు.

మొదలుపెట్టేవాళ్ళకు ఒక పని అప్పజెబుతాను. డప్పు. పెళ్ళిళ్ళలో ప్యాడ్ బ్యాండ్ కుర్రవాడు రబ్బరు పలక మీద పుల్లతో కొడితే డప్పు మోగుతుంది కదా, అది లోపల దాచిన రికార్డింగు. ఎల్‌ఎస్‌డీజేలో కూడా మూడో గొంతు చేత ఇలాంటి రికార్డింగు పలికించవచ్చు, బయట కంప్యూటర్‌లో తయారుచేసి కిట్‌గా ఎక్కించాలి. చిక్కు ఏమిటంటే ఆ రికార్డింగుకు బిగ్గరతనంలో 16 మెట్లే ఉంటాయి, సెకనుకు తీసుకునేది 11 వేల పైచిలుకు నమూనాలు. నమూనాల సంఖ్యలో సగానికి మించిన కంపనాలు అందులో నిలవవు. అంటే అయిదున్నర వేల పైనున్నదంతా కోతే.

డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతి సిర్ర పొట్టిగా లావుగా ఉండి గుండెలో తగిలే దెబ్బ వేస్తుంది. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగా ఉండి, చిటచిటమని చర్మం మీద విరుచుకుపడుతుంది. సిర్ర మోత కింది కంపనాలది, కోతకు తట్టుకుని నిలబడుతుంది. సిటికెన పుల్ల పదును అంతా పై కంపనాల్లో ఉంది, కోతలో అదే పోతుంది. మంట దగ్గర కాచి బిగించిన డప్పును ఎంత జాగ్రత్తగా రికార్డు చేసినా సిర్ర మిగిలి, సిటికెన తడిసిన గుడ్డ అవుతుంది. అందుకని రెండింటినీ ఒకే గొంతుకు అప్పగించకండి. సిర్రను కిట్‌లో పెట్టి మూడో గొంతుకు ఇవ్వండి. సిటికెనను రికార్డు చేయనే చేయకుండా నాలుగో గొంతుకు ఇవ్వండి. 15 బిట్ల రొద, మోగీ మోగగానే చచ్చిపోయేంత పొట్టి నిడివి. రెండు గొంతులకూ రెండు ఫ్రేజ్‌లు, సిటికెనలో సీ గడి దగ్గర హెచ్. సిర్ర పదహారులో, సిటికెన పన్నెండులో, 48 అడుగులకు ఒకసారి కలుస్తాయి. వేగం 128 కంటే తగ్గించకండి.